సాక్ష్యంలో ఒక సహోదరి

నా మీద ఒకరు సాక్ష్యం చెప్పి నాలుగేళ్ళయింది. తేదీ అడిగితే అదీ చెప్పగలను గానీ, చెబితే నేను కక్ష పెట్టుకునే మనిషినని మీరు అనుకుంటారు.

మా తెలుగు క్రైస్తవ సంఘం డబ్లిన్ శివార్లలో టాలట్‌లో ఒక పారిష్ హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటుంది. ఆదివారం రెండు నుంచి ఐదు దాకా హాలు మాది. ముందు పాటలు, తర్వాత వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ మధ్య దేవుడు తనకు చేసిన మేలు గురించి లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం. వీసా వచ్చింది, జ్వరం తగ్గింది, అద్దెకిల్లు దొరికింది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఉత్తి మేలు చెబితే ఎవరూ పెద్దగా వినరు. మేలు జరగకముందు మనల్ని అవమానించినవాళ్ళు ఒకరుండాలి. అప్పుడే సాక్ష్యం పండుతుంది. ఆ మనిషి పేరు చెప్పకూడదు, అది మర్యాద. "ఒక సహోదరి" అంటారు. అనగానే హాల్లో ఉన్న ఆడవాళ్ళంతా ఆ సహోదరి ఎవరా అని కళ్ళతోనే వెతుకుతారు.

నాలుగేళ్ళ క్రితం నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదైన ఒకావిడ లేచి నిలబడింది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆవిడ ఐదోసారికి డ్రైవింగ్ పరీక్ష ప్యాసయింది. మొదటి నాలుగుసార్లూ ఫెయిలైన కాలమంతా ప్రతి ఆదివారం ఆవిడను హాలుకు తీసుకొచ్చింది నేను. ఎల్ బోర్డు కట్టుకుని ఆవిడ నేర్చుకుంటుంటే పక్క సీట్లో కూర్చుని, ప్రతి రౌండబౌట్ దగ్గరా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నదీ నేనే. ఒక రోజు, నాలుగోసారి ఫెయిలైన తర్వాత, "లువాస్ ఉందిగా అమ్మాయ్, నీకెందుకొచ్చిన కారు" అన్నాను. ఇంటి దగ్గరే లువాస్ ట్రాము ఆగుతున్నప్పుడు ఎవరైనా ఇచ్చే సలహాయే అది.

ఆవిడ మైకు పట్టుకుని ఏమందంటే, తను పడిపోయిన ప్రతిసారీ నవ్విన ఒక సహోదరి ఉందట. నీవల్ల కాదు, వదిలెయ్యమందట. ఆ సహోదరి కళ్ళ ముందే దేవుడు తన తల ఎత్తాడట. హాలంతా స్తోత్రం అంది. ఆ తర్వాత హాలంతా నావైపు చూసింది. నా పక్కనున్నావిడయితే కుర్చీ కొంచెం జరుపుకుంది కూడా.  పరువు ఆ హాల్లో పోయింది, ఆ హాల్లోనే తిరిగి రావాలి, అందరూ వింటుండగా ఆవిడే "అది అక్క గురించి కాదు" అనాలి, లేదా దేవుడే అనిపించాలి అని ఆ రోజు అనుకున్నాను. ఈ నాలుగేళ్ళలో నేను కోరుకున్నది అదొక్కటే.

జనవరి మొదటి ఆదివారం మాకు వాగ్దాన కార్డులు తీసే ఆనవాయితీ ఉంది. వాక్యంలోంచి ఒక్కో మాట అచ్చువేసిన చిన్న కార్డులు, పూలబొమ్మలతో ఒంగోలు నుంచి తెప్పిస్తాం. కళ్ళు మూసుకుని పళ్ళెంలోంచి ఒకటి తీసుకోవాలి. చేతికొచ్చిన మాటే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. అందరికీ శాంతి, సమృద్ధి, పచ్చిక బయళ్ళు వస్తాయి. ఆ సాక్ష్యం తర్వాత వచ్చిన జనవరిలో నాకు మాత్రం, నా మీదికి లేచినవాళ్ళు నా కళ్ళెదుటే కూలిపోతారనే అర్థం వచ్చే మాట వచ్చింది. తీర్పు ఇంత తొందరగా రాతపూర్వకంగా చేతికొస్తుందని నేను కూడా అనుకోలేదు. తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాను. మరుసటి ఏడు నాకు అందరితోనూ సమాధానంగా, శాంతిగా ఉండమనే కార్డు వచ్చింది. దాన్ని డ్రాయర్లో వేశాను. పాత కార్డు అలాగే ఉంచాను. దాని పని ఇంకా పూర్తికాలేదు కదా.

ఇక ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఆవిడకు స్పీడింగ్‌కి లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు పడ్డాయని తెలిసినప్పుడు మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను. తర్వాతి శీతాకాలంలో వాళ్ళ ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పోయింది. ఆ సాయంత్రం మా ఆయనతో, "చూశారా, దేవుడు ఆలస్యం చేస్తాడు గానీ మర్చిపోడు" అన్నాను.

ఆయన చపాతీ తుంచుకుంటూ, "మన బాయిలర్ కిందటి నెలే పోయిందిగా" అన్నారు.

"అది శోధన. దేవుడు పెట్టిన పరీక్ష."

"మరి వాళ్ళది?"

"తీర్పు."

"రెంటికీ వచ్చిన మెకానిక్ ఒకడే" అన్నారాయన. "తేడా ఏమన్నా ఉంటే అతనికి తెలిసుండేది."

మా ఆయనకు ఆత్మీయ విషయాలు అర్థంకావు.

ఎంత ఎదురుచూసినా ఆవిడ కూలిపోలేదు. పైపెచ్చు ప్రమోషన్ వచ్చింది. సొంతిల్లు కొనుక్కుంది. గృహప్రతిష్ఠ ప్రార్థనకు నన్ను పిలిచింది, వెళ్ళాను, గుత్తివంకాయ వండి పెట్టింది, తిన్నాను. బాగుంది, అది వేరే సంగతి. చెడ్డవాళ్ళు ఎందుకు పచ్చగా ఉంటారని దేవుణ్ణి నిలదీసిన ప్రవక్తలున్నారు. వాళ్ళంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఒక ప్రవక్త అయితే, ఈ పట్నం నాశనమైపోతుందని చెప్పి, ఊరి బయట నీడ చూసుకుని ఎప్పుడు కూలుతుందా అని కూర్చున్నాడు. ఊరు కూలలేదు. దేవుడు ఊరిని క్షమించాడు. ఆయనకు చచ్చేంత కోపం వచ్చింది. సండే స్కూల్లో ఆ కథ చెప్పేటప్పుడు పిల్లలు నవ్వేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. చెప్పిన మాట చెప్పినట్టు జరగనప్పుడు మనిషి ఏ మొహం పెట్టుకుని ఇంటికెళతాడు?

మొన్నటి వసంతంలో ఒక ఆదివారం మా సంఘపెద్ద, దేవుడు తీర్పు తీర్చే ప్రభువు దినం గురించి వాక్యం చెప్పారు. వారమంతా సాఫ్ట్‌వేర్ పని చేస్తారాయన, ఆదివారం స్లైడ్లతో వాక్యం చెబుతారు. ఇశ్రాయేలు జనం ప్రభువు దినం ఎప్పుడొస్తుందా అని ఆశగా ఎదురుచూసేవారట. ఆ రోజు వస్తే చుట్టుపక్కల రాజ్యాల పని అయిపోతుందని, తమకు పండగేనని వాళ్ళ లెక్క. అప్పుడు పశువుల మధ్య నుంచి వచ్చిన ఒక ప్రవక్త లేచి, పొరుగు రాజ్యాల పాపాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడట. ఫలానావాళ్ళు క్రూరులు, తీర్పు తప్పదు. ఫలానావాళ్ళు మనుషుల్ని అమ్ముకున్నారు, తీర్పు తప్పదు.

"జనం ఎంత ఆనందంగా విని ఉంటారో ఊహించుకోండి" అన్నారు సంఘపెద్ద. "చుట్టూ ఉన్నవాళ్ళంతా అయిపోయారు. చివరికి ప్రవక్త వాళ్ళవైపే తిరిగాడు. మీ పాపాలు ఇవీ అన్నాడు. మీరు కోరుకుంటున్న ఆ రోజు మీకు వెలుగు కాదు, చీకటి అన్నాడు."

నేను గట్టిగా తలూపాను. ఈ మాటలు ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలాయా లేదా అని పక్కకు తిరిగి చూశాను. ఆవిడ కూడా గట్టిగా తలూపుతోంది. ఊపుతూ వెనక వరసలో ఎవరినో చూస్తోంది. వెనక వరసలో ఉన్నామె కిటికీ పక్కనున్నామెను చూస్తోంది. మగవాళ్ళ వైపూ అంతే. సంఘపెద్ద వైపు చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు, ఒక్క మా ఆయన తప్ప. ఆయన స్లైడులో అక్షరదోషం చూస్తున్నారు.

ఆ రోజు నాకు అర్థం కావాల్సింది అదే. కాలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, దేవుడు ముహూర్తం పెట్టేశాడని. సాక్ష్యాల సమయం రాగానే లేచాను. నాలుగేళ్ళలో నేను మైకు పట్టుకోవడం అదే మొదటిసారి.

వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఎన్నిసార్లు చెప్పుకున్నానో, మాటలు వాటంతటవే వచ్చాయి. నా ఇంట్లో అన్నం తిని, నా కారెక్కి తిరిగి, నా వెనక నన్ను తక్కువ చేసిన ఒక సహోదరి ఈ సంఘంలో ఉందని చెప్పాను. నేను ఎవరికీ చెప్పుకోలేదని, దేవుడికే అప్పగించానని, ఆయన పుస్తకంలో అన్నీ రాసి ఉన్నాయని, ఆ పుస్తకం తెరిచే రోజు దగ్గరికొచ్చిందని చెప్పాను. సరిగ్గా రెండు నిమిషాలు. హాలంతా స్తోత్రం అంది. అంత గట్టి స్తోత్రం ఆ హాల్లో నేను అంతకు ముందు వినలేదు. 

కూడిక అయ్యాక టీ ఇస్తారు. నేను కప్పు తీసుకున్నానో లేదో, పాటల బృందంలో ఉండే ఒకావిడ నన్ను తలుపు చాటుకు లాక్కెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. క్రిస్మస్‌కి నేను తెచ్చిన బిర్యానీ ఇంట్లో వండింది కాదు, హోటల్లో కొన్నదని తనే అందరికీ చెప్పిందట. క్షమించమంది. నాకా సంగతి తెలియనే తెలియదు. ఆమె వెళ్ళిందో లేదో ఇంకొకావిడ వచ్చింది. ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి నా నంబరు పొరపాటున పోలేదట, కావాలనే తీసేసిందట. "మీరు ప్రతి మెసేజ్‌కీ జవాబు పెట్టేవారక్కా, చదవలేక చచ్చిపోయేవాళ్ళం" అంది. నాలుగేళ్ళుగా నాకు శత్రువు ఒక్కతే అనుకున్నాను. పది నిమిషాల్లో ముగ్గురయ్యారు.

చివరికి అసలావిడ వచ్చింది. చేతిలో బిస్కెట్ల పళ్ళెం. ముఖంలో దిగులేమీ లేదు.

"బాగా చెప్పావక్కా" అంది. "అడిగేవాళ్ళు లేక ఇట్లా తయారవుతున్నారు. ఎవరో నాకు అర్థమైందిలే, నేనెవరికీ చెప్పను."

 "నీ సాక్ష్యంలో సహోదరి ఎవరు?" అన్నాను.

"ఏ సాక్ష్యం?"

"డ్రైవింగ్ పరీక్షది. నవ్విందన్నావు. వదిలెయ్యమందన్నావు."

ఆవిడ కాసేపు ఆలోచించి నవ్వింది. "అదా, మా ఆడపడుచక్కా, షానన్‌లో ఉంటుంది చూడు. ఫెయిలైన ప్రతిసారీ ఫోన్ చేసి మరీ నవ్వేది. ఆ రోజు నాతోపాటు కూడికకొచ్చి కూర్చునుంది, రెండో వరసలో. నీ వెనకే."

"మరి లువాస్ ఉందిగా అని నేనన్నది?"

"నువ్వన్నావా?" అంది. "ఎప్పుడూ?"

సంతోషించాల్సిన మాటే. నేను కోరుకున్న "అది అక్క గురించి కాదు" అనే మాట అదే. కానీ నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు నేను ఆవిడ మీద తీర్పు కోసం ప్రార్థన చేస్తుంటే, ఆవిడకు నేను అన్న మాటే గుర్తులేదు. శత్రువుగా కూడా నన్ను లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "అయితే ఆ కార్డు ఎవరి గురించి?" అన్నారు. 

అక్కడితో అయిపోతే బాగుండేది. రెండు ఆదివారాలు గడిచాక గమనించాను. ఒక అమ్మాయి కూడికకు రావడం లేదు. ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది, వరంగల్ పిల్ల. దిగిన కొత్తలో గది దొరక్క మా ఇంట్లో పదకొండు రోజులుంది. నా అన్నం తింది. నా కారులోనే హాలుకొచ్చింది. అప్పుడు తట్టింది. నేను చెప్పిన సహోదరికి ఆ హాల్లో అందరికంటే సరిగ్గా సరిపోయేది ఆ పిల్లే.

క్యాంపస్‌లో కలిసి మాట్లాడదామని మెసేజ్ పెట్టాను. వచ్చింది. కాఫీ నేనే కొన్నాను.

"నీ గురించి కాదమ్మా నేను చెప్పింది" అన్నాను.

తను కప్పు వైపే చూస్తూ, "ఫర్వాలేదాంటీ, నేనన్నది నిజమే" అంది. "మీ ఇంట్లో హీటింగ్ గంటకన్నా ఎక్కువ వేయరు, కోటేసుకునే పండుకున్న అని మా ఫ్రెండ్స్‌కి చెప్పిన. మీదాకా వచ్చిందనుకోలే."

ఈ పిల్ల నాలుగోది. దాని గురించి తర్వాత ఆలోచిద్దామని పక్కన పెట్టాను.

"నిజంగా నీ గురించి కాదు. నాకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది."

"అయ్యో" అంది తను.  ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. ఇప్పుడున్న గది వచ్చే నెల ఖాళీ చెయ్యాలి. మన సంఘంలోనే ఒక కుటుంబం తమ ఇంట్లో గది ఇస్తామని మాటిచ్చారు. నా సాక్ష్యం విన్నాక, మేం కొంచెం ఆలోచించుకుంటామమ్మా అన్నారట. అన్నం పెట్టిన ఇంటినే ఆడిపోసుకునే పిల్లను ఎవరు మాత్రం ఇంట్లో పెట్టుకుంటారు? డబ్లిన్‌లో గది పోవడమంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. ముప్ఫై చోట్ల అడిగిందట, ఇద్దరే జవాబిచ్చారట.

"నేను వాళ్ళకు ఫోన్ చేసి చెబుతాను" అన్నాను.

"ఫోన్‌లో వద్దాంటీ" అంది. "మీరు హాల్ల అందరి ముంగట చెప్పిన్రు. నేను కాదని గూడ అందరి ముంగటనే చెప్పుండ్రి."

 పోయిన చోటే తిరిగి రావాలన్న ఆ మాట మీద కాపీరైటు నాదే మరి.

ఆ వారమంతా నాకు పట్టుకున్న బాధ వేరు. ఈ పిల్ల కాదని ఒక్క మాట చెబితే, వినేవాళ్ళు ఊరుకుంటారా? మిగిలినవాళ్ళలో వెతుకుతారు. బిర్యానీ ఆవిడ మీదో, వాట్సాప్ ఆవిడ మీదో పడుతుంది. వాళ్ళమీద పడితే నాకేమీ నష్టం లేదని ఒక పూట అనుకున్నాను కూడా. కానీ వాళ్ళు చెప్పి క్షమాపణ అడిగారు. పోనీ ఫలానా ఆవిడ అని అసలు పేరు చెబుదామంటే, ఆవిడ ఏమీ చెయ్యలేదు. ఎటు తిప్పినా చివరికి మిగిలే సహోదరిని నేనే.

నేను పనిచేసే నర్సింగ్ హోంలో పెద్దవాళ్ళకు స్నానాలు చేయిస్తూ, తీర్పు రోజు గురించి ప్రభువు చెప్పిన సంగతి ఒకటి గుర్తుచేసుకున్నాను. మంచివాళ్ళని కుడివైపు నిలబెట్టినవాళ్ళు, నీకు మేలు మేమెప్పుడు చేశామని అడిగారు. శిక్షకని ఎడమవైపు నిలబెట్టినవాళ్ళు, మేమెప్పుడు చెయ్యలేదని అడిగారు. రెండువైపుల వాళ్ళూ అనుకోనిదే జరిగింది. నేను మాత్రం నా కుర్చీ కుడివైపు ఎప్పుడో వేసేసుకుని, ఎడమవైపు ఎవరిని కూర్చోబెట్టాలో చీటీలు కూడా రాసి పెట్టాను.

ఆదివారం వచ్చింది. అమ్మాయి చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. సాక్ష్యాల సమయానికి చెయ్యెత్తాను. సంఘపెద్ద, "సిస్టర్‌గారు మళ్ళీనా" అన్నారు. కొందరు నవ్వారు. ఆ కొందరు ఎవరెవరో చూసుకున్నాను.

"మూడు వారాల క్రితం నేను ఒక సహోదరి గురించి చెప్పాను" అన్నాను. "నా దగ్గర పదకొండు రోజులున్న అమ్మాయి గురించి కాదు. ఈ హాల్లో ఉన్న ఎవరి గురించీ కాదు. నాలుగేళ్ళ క్రితం ఒకరు నా మీద సాక్ష్యం చెప్పారనుకున్నాను. అది నా మీద కాదని మొన్ననే తెలిసింది. ఈ నాలుగేళ్ళూ నేను ఆ మనిషికి చెడు జరగాలని ప్రార్థన చేశాను. దాన్ని దేవుడి తీర్పు అనుకున్నాను. అది నా కోపమే. ఆ సహోదరి లేదు. ఎవరినీ వెతకొద్దు."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరో వెనక దగ్గారు. ఇంత తగ్గించుకుంటే కనీసం ఒక్కరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటారని, ఎంత ధైర్యం అక్కా అంటారని నేను ఆశపడ్డాను. అదీ జరగలేదు. సంఘపెద్ద గడియారం చూసుకుని, తర్వాత ఎవరు అన్నారు. వీసా వచ్చిన కుర్రాడు ఒకడు లేచాడు. అతనికి మాత్రం గట్టిగా స్తోత్రం చెప్పారు.

డ్రైవింగ్ ఆవిడ టీ దగ్గర నా పక్కకు వచ్చి, చాలాసేపు చక్కెర కలుపుతూ నిలబడింది. "నాలుగేళ్ళా అక్కా?" అంది చివరికి.

"నాలుగేళ్ళు."

"మా బాయిలర్ పోయినప్పుడు సూప్ తెచ్చావు."

"తెచ్చాను."

"ఆ పూట కూడా ప్రార్థన చేశావా?"

"సూప్ ఇచ్చి వచ్చాక చేశాను" అన్నాను. అబద్ధం ఎందుకని.

ఆవిడ నవ్వలేదు. కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. దీనికి నేను ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేను. అదే కష్టంగా ఉంది.

గది ఇస్తామన్న కుటుంబంలో ఆవిడ మాత్రం వెళ్ళేముందు అమ్మాయి దగ్గర ఆగి, ఒకటో తారీఖు నుంచి రమ్మంది. దుప్పటి తెచ్చుకోమంది. ఒకటో తారీఖు శనివారమే పడింది. సామాను తరలించడానికి వెళ్ళింది నేనే. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కరు. అవతల వాన పడుతోంది. డిక్కీ దగ్గర నిలబడి, ఆ పిల్ల నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఇప్పుడు నామీద కోపం లేదు గదాంటీ?"

"ఉంది" అన్నాను. "ఆ పక్క పట్టుకో, ఇది బరువుగా ఉంది."